నెదర్లాండ్స్‌లో అద్దె ఇల్లు: బెజవాడలో కూర్చుని వెతికేవాళ్ళకి

ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగమో డెల్ఫ్ట్‌లో ఎమ్మెస్సో ఖాయమైతే వీసా కాగితాల పని అక్కడి కంపెనీయో యూనివర్సిటీయో మొదలుపెడుతుంది. ఇల్లు మాత్రం మన నెత్తినే పడుతుంది. పటమటలోనో బ్రాడీపేటలోనో అయితే నాలుగు లైన్లు తిరిగి, టులెట్ బోర్డు కనబడిన చోట గేటు కొట్టి, పై పోర్షన్ చూసి అడ్వాన్సు ఇచ్చి వచ్చేస్తాం. అక్కడ గేటుకు బోర్డు వేలాడదు. ఫండా, పారారియుస్ లాంటి సైట్లలో ప్రకటన పడిన కాసేపటికే అర్జీలు క్యూ కడతాయి.

ఆ కంగారులో మనవాళ్ళు ఊరి నడిబొడ్డున, కాలువ గట్టున ఉన్న పాత ఇళ్ళనే వెతుకుతారు. అద్దె ఎక్కువ, గది చిన్నది, మెట్లు నిచ్చెనంత నిటారు. ఆ జోలికి పోకుండా 1950 నుంచి 1970 దాకా కట్టిన శివారు కాలనీలు చూడండి. అదే డబ్బుకు ఒక గది ఎక్కువ వస్తుంది, కిటికీ ఎదురుగా చెట్లుంటాయి, ట్రామో మెట్రోనో దగ్గర్లో ఉంటుంది. అయితే ఆ ఇళ్ళకు వయసు మీద పడింది. ఏం చూడాలో తెలియకుండా సంతకం పెడితే అద్దెలో మిగిలింది వేడి బిల్లులో పోతుంది.

ఆ కాలనీలు అలా ఎందుకున్నాయంటే, యుద్ధం అయ్యేసరికి ఆ దేశంలో ఇళ్ళకు కటకట. 1940 మే 14న జర్మన్ బాంబులకు రోటర్‌డామ్ నడిబొడ్డు దాదాపు మొత్తం కాలిపోయింది, మిగతా చోట్ల ఏళ్ళ తరబడి కొత్త ఇటుక పడలేదు. ఆమ్‌స్టర్‌డామ్ పడమటి వైపు విస్తరణకు నగర ప్లానరు కోర్నెలిస్ ఫాన్ ఎస్టెరెన్ గీసిన ప్లాను యుద్ధానికి ముందే, 1930లలోనే సిద్ధమైంది. దాని ప్రకారం స్లోటర్‌మేర్, హ్యూజెన్‌ఫెల్డ్, స్లోటర్‌వార్ట్, ఓస్‌డోర్ప్ లేచాయి. నేల మెరక చేయడానికి ఇసుక తవ్విన గొయ్యే ఇవాళ స్లోటర్‌ప్లాస్ అనే పెద్ద చెరువు. స్లోటర్‌మేర్‌ను 1952లో రాణి యులియానా ప్రారంభించింది. రోటర్‌డామ్‌లో పెండ్రెఖ్ట్, ఆ తర్వాత ఓమ్మోర్డ్ ప్లాన్లు లోట్టె స్టామ్-బేసె అనే ఆవిడవి. అందరిదీ ఒకటే పట్టు: వెలుతురు, గాలి, జాగా. అందుకే ఇళ్ళ వరసలు ఎడంగా, మధ్యలో పచ్చిక, పిల్లలాడే స్థలం, ఎత్తైన చెట్లు. ఆ పచ్చికలో చాలా భాగం మునిసిపాలిటీ చూసుకుంటుంది. బండి పెట్టే జాగా కాదది.

ఆమ్‌స్టర్‌డామ్ ఆగ్నేయాన ఉన్న బైల్మర్ కాలనీ గురించి పాతవాళ్ళు భయపెడతారు. 1966లో మొదలైన ఆ తేనెపట్టు ఆకారపు అపార్టుమెంట్లకు చెడ్డపేరు వచ్చిన మాట నిజమే, 1992 అక్టోబరు 4న సరుకు విమానం వాటి మీదే కూలింది. ఆ తర్వాత పెద్ద బ్లాకులు చాలావరకు కూల్చి చిన్న ఇళ్ళు కట్టారు. మిగిలిన క్లైబుర్ఖ్ బ్లాకును బాగుచేసినందుకు 2017లో ఐరోపా స్థాయిలో భవనాలకిచ్చే మీస్ ఫాన్ డెర్ రోహె పురస్కారం వచ్చింది. పాతికేళ్ళ కిందటి మాట విని ఆ వైపు కొట్టేయకండి, వెళ్ళి చూడండి.

ఎవరికి ఏ కాలనీ కలిసొస్తుందన్నది పని చోటును బట్టి. డెల్ఫ్ట్ యూనివర్సిటీకి వోర్‌హోఫ్, బౌటెన్‌హోఫ్ నుంచి సైకిల్ మీద పోవచ్చు. ఐండ్‌హోవెన్‌లో వూన్సెల్ ఊరికి ఉత్తరాన ఉంది, చిప్ యంత్రాలు చేసే ఏఎస్ఎమ్ఎల్ ఏమో నైరుతిన ఫెల్డ్‌హోవెన్‌లో. ఊరంతా దాటాలి కాబట్టి ముందు దారి చూసుకోండి. హేగ్‌లో మరియాహూవెకు, ఉట్రెఖ్ట్‌లో ఓవర్‌వెఖ్ట్‌కు సొంత రైల్వే స్టేషన్లున్నాయి. ఆమ్‌స్టెల్‌వేన్‌లో మనవాళ్ళు చాలామంది, ఇండియన్ కొట్లూ ఉన్నాయి. చవక మాత్రం అనుకోకండి.

ఏ రకం ఇల్లు

ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. మొదటిది పోర్టీక్: మూడు నాలుగు అంతస్తులు, అందరికీ కలిపి ఒకే మెట్లదారి, లిఫ్టు ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు చుట్టపుచూపుగా వస్తారనుకుంటే పై అంతస్తు వద్దు. ఫ్రిజ్జు, బీరువా ఆ మెట్ల మలుపుల్లో తిరగవు. కిటికీలోంచి ఎక్కించే నిచ్చెన లిఫ్టు అద్దెకు తెచ్చుకోవాలి. రెండోది హాలెరై: ఎత్తైన బ్లాకు, లిఫ్టు, మన పాత క్వార్టర్లలో మాదిరి బయట పొడుగాటి వరండా వెంట తలుపులు. ఆ వరండా వైపు గది ఎప్పుడూ చల్లగా, కాస్త చీకటిగా ఉంటుంది. హాలు రెండో వైపుకు ఉంటుంది. హాలు దక్షిణానికో పడమరకో తిరిగి ఉందేమో అడగండి, చలికాలంలో ఆ కాస్త ఎండే దిక్కు. తూర్పు గుమ్మం కావాలని పట్టుబడితే ఇల్లు దొరకదు, ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పేయండి.

చాలా ఇళ్ళకు కిందనే బెర్ఖింగ్ అనే స్టోరు గది ఉంటుంది. సైకిళ్ళు, సూట్‌కేసులు అక్కడే. ఒప్పందంలో దాని నంబరు రాశారో లేదో చూడండి. రాయకపోతే తాళం వేరేవాళ్ళ దగ్గర ఉండొచ్చు.

ప్రకటనలో అద్దె పక్కనే ఒక మాట ఉంటుంది, మనవాళ్ళు బోల్తాపడేది అక్కడే. ‘కాల్’ అని ఉంటే నేల మీద ఏమీ ఉండదు. నిజంగానే ఏమీ ఉండదు: సిమెంటు, పైకప్పు నుంచి వేలాడే రెండు వైర్లు. వెళ్ళిపోయేవాళ్ళు చెక్క ఫ్లోరింగ్ కూడా పీక్కుపోతారు, అది అక్కడ మామూలే. ‘హెస్టోఫేర్డ్’ అంటే నేల, కర్టెన్లు ఉంటాయి, ఒక్కోసారి స్టవ్, ఫ్రిజ్జు కూడా. ‘హెమ్యూబిలేర్డ్’ అంటే మంచాలు, సోఫాలతో సహా. కాల్ ఇల్లు తీసుకుంటే పాత అద్దెదారు తన ఫ్లోరింగ్, కర్టెన్లు అమ్ముతానంటాడు. ధర సరసంగా ఉంటే కొనేయండి. కొత్తది వేయాలంటే గది కొలతకు పది శాతం ఎక్కువ తెప్పించాలి, కోతల్లో పోతుంది. కింద శబ్దం ఆపే పొర తప్పనిసరి. చాలా అపార్టుమెంట్ల నియమావళిలో చెక్క నేలకు కనీసం 10 డెసిబెల్స్ తగ్గించే పొర ఉండాలని రాసి ఉంటుంది. ఆ కాలపు కాంక్రీటు స్లాబులు పలచన, పైన చెంచా పడినా కిందింటివాళ్ళకు వినిపిస్తుంది. పొద్దున్నే ఆరింటికి మిక్సీ వేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అద్దె ఎంత అడగొచ్చు

ఇక్కడ ఓనరు నోటికొచ్చినంత చెప్తాడు, మనం బేరమాడతాం. అక్కడ చాలా ఇళ్ళకు చట్టమే హద్దు పెట్టింది. ఇంటికి పాయింట్లు వేస్తారు: గదుల విస్తీర్ణం చదరపు మీటరుకు ఒక పాయింటు, స్టోరు లాంటి జాగాకు ముప్పావు, వేడి చేసే ప్రతి గదికీ 2, ఆపైన వంటిల్లు, బాత్రూము, ఇంటి విలువ, ఎనర్జీ లేబుల్ (ఇల్లు కరెంటు, వేడి ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గ్రేడు). బాల్కనీ లాంటి బయటి జాగా ఏదీ లేకపోతే 5 కోత. లేబుల్ ఈ, ఎఫ్, జీ అయితే ఇంకా కోత. 2024 జులై 1న వచ్చిన చట్టంతో ఈ లెక్క 186 పాయింట్ల దాకా ఓనర్లందరినీ కట్టిపడేస్తుంది. 2025 అంకెల ప్రకారం 143 పాయింట్ల లోపు ఇళ్ళకు అద్దె హద్దు 900.07 యూరోలు, 186 లోపు వాటికి 1,184.82 యూరోలు. 186 దాటితే ఓనరు ఇష్టం. అంకెలు ఏటా మారతాయి, సంతకం పెట్టే ఏడాదివే చూసుకోండి.

శివారు పాత ఇళ్ళలో ఈ లెక్క అద్దెదారు వైపు మొగ్గుతుంది. ఊరి మధ్య ఇళ్ళకు విలువ ఎక్కువ కాబట్టి పాయింట్లు ఎగబాకుతాయి. ఓస్‌డోర్ప్‌లోనో ఓవర్‌వెఖ్ట్‌లోనో డీ లేబుల్ ఉన్న 60 చదరపు మీటర్ల ఫ్లాటుకు అంత విలువ రాదు. ఓనరు పాయింట్ల కాగితం ఒప్పందంతో పాటే ఇవ్వాలి. ఇవ్వకపోతే హ్యూర్‌కమిస్సీ అనే అద్దె ట్రిబ్యునల్ సైటులో మీరే లెక్క వేసుకోవచ్చు. లెక్కకు మించి వసూలు చేస్తుంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు, అద్దెదారు కట్టే ఫీజు 25 యూరోలు. ఒప్పందం మొదలైన ఆరు నెలల లోపే వెళ్ళండి. ఫిర్యాదు చేశారని ఖాళీ చేయించే వీలు లేదు.

అద్దెను రెండు ముక్కలుగా చదవాలి. ఉత్త అద్దె వేరు, సర్వీసు ఖర్చులు వేరు. మెట్లు తుడవడం, లిఫ్టు కరెంటు, సామాను వాడకం రెండో దాంట్లోకి వస్తాయి. వాటికి ఏటా లెక్క చెప్పాలి: గడిచిన ఏడాది లెక్క జులై 1 లోపు మీ చేతికి రావాలి, ఎక్కువ కట్టి ఉంటే వెనక్కి ఇవ్వాలి. మన దగ్గర మెయింటెనెన్స్ పేరుతో కట్టింది కట్టినట్టే పోతుంది కాబట్టి చాలామంది ఆ కాగితం అడగనే అడగరు. పాయింట్ల లెక్క, అడ్వాన్సు లెక్క, ఏటా పెంపు లెక్క అన్నీ ఉత్త అద్దె మీదే. అన్నీ కలిపి ఒకే అంకె రాసిన ఒప్పందం ఉంటే విడగొట్టించండి.

అడ్వాన్సు రెండు నెలల ఉత్త అద్దె మించకూడదని 2023 జులై 1 నుంచి చట్టం. ఓనరు తరఫున ప్రకటన వేసిన ఏజెంటు మీ దగ్గర కమిషన్ తీసుకోకూడదు. ‘కాంట్రాక్టు ఖర్చులు’ అని 200, 300 యూరోలు రాసినా అదీ ఆ లెక్కలోకే వస్తుంది. ఓనర్లు సాధారణంగా అద్దెకు మూడు నాలుగు రెట్ల నెల జీతం చూపమంటారు. ఉద్యోగ ఒప్పందం, కంపెనీ ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ, పాస్‌పోర్టు కాపీ ముందే ఒక ఫైలుగా సిద్ధం చేసుకోండి. కాపీ మీద ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాయండి. అక్కడి ప్రభుత్వం ఇచ్చిన కాపీఐడీ యాప్ ఆ పనికే ఉంది.

మోసం ఒకే వరసలో నడుస్తుంది: ఫోటోలు బ్రహ్మాండంగా, అద్దె చవగ్గా, ఓనరు ‘ప్రస్తుతం విదేశంలో’, అడ్వాన్సు పంపగానే తాళాలు కొరియర్లో. బెజవాడ నుంచి ఇల్లు చూడలేరు కాబట్టే మనవాళ్ళు దొరికిపోతారు. అక్కడున్న స్నేహితుడో కంపెనీ మనిషో లోపలికి వెళ్ళి చూడకుండా రూపాయి పంపకండి. ఓనరు పేరు మీద అనుమానం ఉంటే కడాస్టర్ అనే భూమి రిజిస్టరులో కొద్ది ఫీజుకు అసలు యజమాని ఎవరో తెలుస్తుంది. ఎవరూ లేకపోతే మొదటి నెల కంపెనీ ఇచ్చే తాత్కాలిక వసతిలో దిగి అప్పుడు వెతకడమే మేలు.

ఇంకో ప్రశ్న ఇల్లు చూడకముందే అడగాలి: ‘ఈ అడ్రసు మీద మునిసిపాలిటీలో నమోదు చేసుకోనిస్తారా?’ నాలుగు నెలలకు మించి ఉండేవాళ్ళు వచ్చిన ఐదు రోజుల్లో నమోదుకు కదలాలి. అది జరిగితేనే బీఎస్ఎన్ అనే వ్యక్తిగత గుర్తింపు నంబరు, దాని మీదే జీతం, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా. ‘నమోదు వద్దు, అద్దె తగ్గిస్తా’ అన్నాడంటే ఆ ఇంటిని అద్దెకిచ్చే హక్కు అతనికి లేకపోవచ్చు. అలాగే ముగ్గురు నలుగురు బ్యాచిలర్లు కలిసి మూడు గదుల ఫ్లాటు పంచుకుందామంటే చాలా మునిసిపాలిటీల్లో ముగ్గురి నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. అది ఓనరు తెచ్చుకోవాల్సింది. లేకుండా దిగితే నమోదు దగ్గరే ఆగిపోతుంది. కొన్ని ఊళ్ళలో కొన్ని రకాల ఇళ్ళకు ఆదాయం హద్దుతో వసతి అనుమతి కూడా ఉంటుంది. ముందే అడగండి.

మరీ చవకైతే ఎందుకు చవకో కనుక్కోండి. ఈ కాలనీల్లో చాలా బ్లాకులు కూల్చివేత జాబితాలో ఉన్నాయి. అలాంటి ఇళ్ళను లేఖ్‌స్టాండ్‌వెట్ అనే ఖాళీ ఇళ్ళ చట్టం కింద తాత్కాలికంగా ఇస్తారు. మూడు నెలల నోటీసుతో వెళ్ళిపోమనవచ్చు, మామూలు అద్దెదారుకున్న రక్షణ ఉండదు. ఖాళీ ఇంటికి కాపలాగా ఉంచే ‘ఆంటీక్రాక్’ ఇంకా అన్యాయం, అందులో మీరు అసలు అద్దెదారే కారు. ఒంటరి మనిషికి ఆరు నెలలకు పర్వాలేదు గానీ, పిల్లల్ని బడిలో వేసే సంసారులకు ఈ గొడవ వద్దు. మామూలు ఒప్పందం 2024 జులై నుంచి కాలపరిమితి లేకుండానే ఉండాలి, విద్యార్థుల్లాంటి కొందరికే మినహాయింపు.

లోపలికి వెళ్ళాక చూడాల్సినవి

ముందు పడకగదిలోకి వెళ్ళండి. బయటి గోడ పైకప్పును కలిసే మూల, కిటికీ పైభాగం, బీరువా వెనక. అప్పట్లో గోడల మధ్య ఖాళీలో ఏమీ నింపలేదు, బాల్కనీ స్లాబు గదిలోని స్లాబుకే కొనసాగింపుగా పోశారు. చలికాలంలో బయటి చలి ఆ కాంక్రీటు గుండా నేరుగా మూలకు వస్తుంది. ఇంట్లోని ఆవిరి అక్కడ నీరై, నల్ల బూజు చుక్కలు చుక్కలుగా మొదలవుతుంది. మిగతా గోడ పాతగా ఉండి ఆ మూల ఒక్కటే కొత్త రంగుతో మెరుస్తుంటే, బూజు మీద రంగు కొట్టారన్నమాట. అరచేయి పెట్టి చూడండి. చెమ్మగా, పక్క గోడ కంటే బాగా చల్లగా తగులుతుంది. కిటికీ అద్దం దగ్గర అగ్గిపుల్ల వెలిగించి ప్రతిబింబాలు లెక్కపెట్టండి: ఒక్క పొర అద్దానికి రెండు, రెండు పొరలకు నాలుగు.

అన్నం, పప్పు, ఇడ్లీ ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు కలిసి మన ఇళ్ళలో తేమ ఎక్కువ. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి మూయాలి. రోజంతా సందు పెట్టి ఉంచితే గోడ చల్లబడుతుందే గానీ తేమ సరిగ్గా పోదు. వాడని గదిని కూడా 15 డిగ్రీల కంటే చల్లబడనివ్వకండి. మంచం, బీరువా బయటి గోడకు జానెడు ఎడంగా వేయండి. బూజు తప్పు అద్దెదారుదే అని ఓనర్లు అంటుంటారు. గోడ కట్టుబడి లోపమైతే బాగుచేయించాల్సింది ఓనరే, అందుకే మొదటి రోజు ఫోటోలు తేదీతో దాచుకోవాలి.

తర్వాత మీటర్ల అల్మరా, సాధారణంగా గుమ్మం పక్కనే. గ్యాసు మీటరు ఉందా? లేకపోతే వేడి సాధారణంగా బ్లాకు మొత్తానికో పేట మొత్తానికో వేడినీళ్ళు పంచే పైపుల నుంచి వస్తున్నట్టు, వంట కరెంటు మీదే. అప్పుడు స్టవ్ వెనక పెరిలెక్స్ అనే ఐదు పిన్నుల సాకెట్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఇండక్షన్ స్టవ్‌కు కొత్త లైను లాగాలి. గుంటూరు నుంచి మోసుకెళ్ళే అల్యూమినియం కుక్కర్లు, గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు. అడుగున అయస్కాంతం అంటుకునేవే పనికొస్తాయి. మిక్సీ, గ్రైండర్‌కు కరెంటు సరిపోతుంది, అక్కడా 230 వోల్టులే. ప్లగ్గు మాత్రం మార్చాలి. గ్యాసు ఉండి, బాత్రూములోనో వంటింట్లోనో పొగగొట్టం ఉన్న పాత గీజరు కనబడితే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఆ ఇంట్లో పడుకోవద్దు. పొగ అలారం ప్రతి అంతస్తుకూ ఉండాలని 2022 జులై నుంచి నిబంధన. 1994కు ముందు కట్టిన ఇళ్ళల్లో పాత వినైల్ నేల కింద, పైపుల చుట్టూ ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గీకడం, డ్రిల్లు పెట్టడం ఓనరును అడగకుండా చేయకండి.

మన వంటకు తప్పనిసరిగా చూడాల్సింది ఒకటుంది. ఎత్తైన బ్లాకుల్లో వంటింటి గాలి అన్ని అంతస్తులకూ కలిపిన ఒకే గొట్టంలోంచి పోతుంది. దానికి మోటారున్న చిమ్నీ తగిలిస్తే మన ఆవపెట్టిన తాలింపు ఘాటంతా పైవాళ్ళ బాత్రూములోంచి బయటికొస్తుంది, ఫిర్యాదు మరునాడే. అక్కడ కార్బన్ ఫిల్టరు పెట్టి గాలిని లోపలే తిప్పే చిమ్నీయే వాడాలి. ఫిల్టరు పెట్టె మీద రాసిన గడువు మామూలు వంటకు లెక్క, చేపల వేపుడుకు కాదు. అంతకంటే తొందరగా మార్చండి.

తాళాలు తీసుకునేటప్పుడు కరెంటు, గ్యాసు, నీళ్ళ మీటర్ల అంకెలు ఫోటో తీసి, ఇంటి స్థితి కాగితం మీద ఇద్దరూ సంతకం చేయండి. నీళ్ళ కంపెనీని ఎంచుకునే వీలుండదు, ఆమ్‌స్టర్‌డామ్‌కు వాటర్‌నెట్, రోటర్‌డామ్‌కు ఎవీడెస్, హేగ్‌కు డ్యూనెయా. కరెంటు, గ్యాసు కంపెనీ మన ఇష్టం. చెత్త పన్ను, నీటి బోర్డు పన్ను అద్దెదారుకే వస్తాయి. నెల బడ్జెట్టులో అవి లేక ఏడాదికోసారి ఉలిక్కిపడేవాళ్ళు చాలామంది. చెత్త భూమి లోపలి డబ్బాలో వేయాలంటే చాలా చోట్ల కార్డు కావాలి, అది ఇంటితో పాటే అడిగి తీసుకోండి.

ఖాళీ చేసేటప్పుడు అద్దెదారు నోటీసు ఒక నెల. రాతపూర్వకంగా ఇచ్చి, ఓనరుతో ముందస్తు తనిఖీ పెట్టించుకుంటే ఏం బాగుచేయాలో అప్పుడే తెలుస్తుంది. ఫ్లోరింగ్ మీదైతే పీకాలా వదలాలా అన్నది ఆ రోజే రాయించుకోండి. కోత ఏమీ లేకపోతే అడ్వాన్సు 14 రోజుల్లో, ఉంటే ఖర్చుల చిట్టాతో పాటు మిగతాది 30 రోజుల్లో రావాలి. అక్కడి బ్యాంకు ఖాతా ఆ డబ్బు వచ్చేదాకా మూయకండి.